తక్కువ తూగిన కవర్లు

ఆయన తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. కొట్లవాళ్ళు ఆయనకు పెట్టుకున్న పేరు అరగ్రాము. ఆ పేరు ఆయన చెవిన పడలేదనే వాళ్ళంతా అనుకునేవాళ్ళు. పడింది. నిజానికి సర్వీసు మొత్తంలో తను పట్టుకున్న అతి చిన్న తేడా ముప్పావు గ్రాము, కాబట్టి ఆ పేరులో పావు గ్రాము పొగడ్త ఎక్కువుందని ఇంట్లో భార్యతో అంటుండేవాడు.

రిటైరైన రెండో ఏడు భార్య పెద్దకూతురి పురిటికి మూడు నెలలు వెళ్ళాల్సి వచ్చింది. అరగ్రాము గారికి స్టవ్ వెలిగించడం వచ్చు. వెలిగించాక ఏం చేయాలో తెలియదు. అందుకని భార్యే ఆయన పెట్టె సర్ది, కొడుకు ఇంట్లో దింపి, అటునుంచి అటే రైలెక్కింది.

కొడుకుది మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. కొడుకు ఆంబులెన్స్ డ్రైవరు. ఒక వారం పొద్దుటి డ్యూటీ అయితే ఇంకో వారం మధ్యాహ్నం డ్యూటీ. కోడలు యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కటింగ్ మాస్టరు. ఒకేసారి నలభై పొరల గుడ్డ పరిచి, కరెంటు కత్తెరతో గీత తప్పకుండా కోసే మనిషి. పదిహేనేళ్ళ మనవరాలు ఈతపోటీలకు తయారవుతోంది. బడి నుంచి నేరుగా ఈతకొలనుకు వెళ్ళి, తోడేలంత ఆకలితో ఇల్లు చేరుతుంది. నలుగురూ ఒక్కసారి కూర్చుని తినే పూట ఆ ఇంట్లో వారానికి ఒకటి, అదీ ఆదివారం.

అందుకని కోడలు ఒక పద్ధతి పెట్టుకుంది. ఆదివారం మధ్యాహ్నం పెద్ద గిన్నెలో ఉప్పునీళ్ళు మరిగించి గొట్టాల పాస్తా ఉడకబెడుతుంది. పూర్తిగా ఉడకనివ్వదు. మధ్యలో కాస్త పలుకు ఉండగానే దించి, వార్చి, చన్నీళ్ళ కింద పెట్టి, చెమ్మ ఆరాక రెండు చెంచాల నూనె పట్టించి, ట్రేల మీద ఒక్క వరసగా పరిచి ఫ్రీజర్లో పెడుతుంది. రెండు గంటలకు గొట్టాలు దేనికది విడివిడిగా గులకరాళ్ళలా గట్టిపడతాయి. అప్పుడు కవర్లలో నింపుతుంది. ఒకేసారి కవర్లో కుక్కి పెడితే ముద్దయిపోయి ఇటుకరాయిలా తయారవుతుందట, సుత్తితో కొట్టుకోవాలిట. టమాటా సాసు వేరే చిన్న డబ్బాల్లో పెడుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు నాలుగు చొప్పున ఇరవై కవర్లు. ఒక్కో దాని మీద తెల్ల టేపు అంటించి మార్కరుతో రాస్తుంది: ఆయన, పిల్ల, మామయ్యగారు, నేను. ఎవరి వేళకి వాళ్ళు తమ కవరు తీసుకుని వేడినీళ్ళలో ఒక్క నిమిషం ముంచి, సాసు వేడిచేసి కలుపుకుని తినాలి. కోడలు మాత్రం తన కవరు పొద్దున్నే వర్క్‌షాపుకు పట్టుకెళ్ళేది.

అరగ్రాము గారికి తిండి మీద ఫిర్యాదేమీ లేదు. ఆయన్ని ఇబ్బంది పెట్టింది వేరే సంగతి. కోడలు కవర్లను గుప్పిళ్ళతో నింపేది. ఇంత అనిపిస్తే ఇంత. కాటా లేదు, గిద్ద లేదు, కనీసం ఒక గ్లాసు లేదు. గుడ్డను వెంట్రుకవాసి తేడా లేకుండా కోసే మనిషి ఇంట్లో ఇలా చేయడం ఆయన చూడలేకపోయాడు. కానీ కోడలి వంటింట్లో మామగారు వేలు పెట్టడం బాగుండదని నెలరోజులు నోరు కట్టేసుకున్నాడు. ఆదివారం ఆమె కవర్లు నింపే సమయానికి లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయేవాడు.

ఐదో ఆదివారం సాయంత్రం కొడుకు డ్యూటీలో ఉన్నాడు. తల్లీ కూతురూ ఈతకొలనుకు వెళ్ళారు. ఇంట్లో ఫ్రీజరూ ఆయనా మిగిలారు. ఆయన పెట్టెలో, బట్టల కింద, సొంత కాటా ఉంది. దాంతోపాటు మఖమల్ గుడ్డలో చుట్టిన రెండొందల గ్రాముల ఇత్తడి గుండు కూడా ఉంది. ఊరెళ్ళినా అది వెంట ఉండాల్సిందే. ముందు గుండు పెట్టి కాటా సరిగా ఉందని నిర్ధారించుకున్నాడు. తర్వాత ఇరవై కవర్లూ ఒక్కొక్కటే తూచి, ఎర్ర అట్ట నోటుబుక్కులో రాసుకున్నాడు.

కొడుకువి మూడు వందల పది అటూ ఇటూ. మనవరాలివి మూడు వందల ముప్పై అటూ ఇటూ. తనవి రెండు వందల అరవై దగ్గర దగ్గర. కోడలివి ఐదూ నూట అరవై.

అటూ ఇటూ కాదు. ఐదుకి ఐదూ సరిగ్గా నూట అరవై.

మిగతా పదిహేను కవర్లూ గుప్పిట లెక్కన నిండినప్పుడు ఈ ఐదు మాత్రం గ్రాము తేడా లేకుండా ఎలా ఉన్నాయన్న ప్రశ్న ఆయనకు తట్టకపోలేదు. తట్టింది. అలవాటు మీద చెయ్యి అంత కచ్చితంగా పడుతుందని, అంటే ఇది ఏళ్ళ తరబడి సాగుతున్న వ్యవహారమని తీర్మానించుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవమున్న మనిషి తప్పు దారిలో నడిచినా నిబ్బరంగానే నడుస్తాడు.

ఆయన చూసిన తక్కువ తూకాలన్నీ ఎదుటివాడి నోరు కొట్టేవే. తన నోరు తనే కొట్టుకున్న కేసు ఒక్కటీ లేదు. దానికి చట్టంలో సెక్షనూ లేదు. ఆ సాయంత్రం భార్యకు ఫోన్ చేసి, పసిబిడ్డ సంగతులన్నీ అడిగాక, ఇన్నేళ్ళలో తను, పిల్లలు తినగా మిగిలిందే తిని ఆమె ఎప్పుడైనా అర్ధాకలితో పడుకుందా అని అడిగాడు.



“నేను వండేటప్పుడే తినేసేదాన్నండీ,” అంది భార్య. “మీ అందరికంటే ఎక్కువే తిన్నాను.”

ఆయన నమ్మలేదు. ఆడవాళ్ళు ఇలాగే అంటారని ఎక్కడో విన్నాడు. కొడుకుతో చెబుదామా అనుకుని మానుకున్నాడు. వాడు విషయాన్ని భోజనాల బల్ల మీద పెట్టి పెద్ద ఉపన్యాసం చేస్తాడు, కోడలు చిన్నబుచ్చుకుంటుంది. ఎవరికీ తెలియకుండా సరిచేసేస్తే పోతుంది. గొట్టాలు విడివిడిగా ఉన్నాయి కదా, ఒక కవర్లోంచి ఇంకో కవర్లోకి పోయడం ఎంత పని? తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు కొడుకు కవర్లోంచి ముప్పై గ్రాములు, మనవరాలి కవర్లోంచి ముప్పై, తన దాంట్లోంచి ఇరవై తీసి కోడలి కవర్లో కలిపాడు. నూట అరవై కాస్తా రెండు వందల నలభై అయింది. ఐదు రోజుల కవర్లకూ కలిపి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. చేతివేళ్ళు కొంకర్లు పోయాయి. నోటుబుక్కులో దొరికిన బరువు ఒక వరసలో, సరిచేసిన బరువు ఇంకో వరసలో రాసి కింద సంతకం పెట్టాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం సాయంత్రం, ఎవరి కంటా పడని వేళ చూసి, ఇదే పని.

కొడుకు తేడా కనిపెట్టలేదు. వాడి ముందు పెట్టిన దానికి వాడు ఎన్నడూ లెక్క అడిగింది లేదు. మనవరాలు మాత్రం కవరు ఖాళీచేశాక గిన్నెలోకి తొంగిచూడటం మొదలుపెట్టింది. కోడలు వర్క్‌షాపులో కటింగ్ బల్ల చివర నిలబడి, ఒక కన్ను మార్కింగ్ కాగితం మీద ఉంచి తినేది. ఆమె కట్టిన కవరే కదా, ఎందుకు అనుమానిస్తుంది? అయినా ఆయన ఈ సర్దుబాటు మొదలుపెట్టిన మూడో వారంలో ఒకరోజు అంట్లు తోముతూ ఆయన్ని అడిగింది.

“మామయ్యగారూ, ఫ్రీజర్లో పెడితే పాస్తా ఉబ్బుతుందా?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు ఆయన. పేపరు మీంచి తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. నీళ్ళున్న ఏ వస్తువైనా గడ్డకడితే కొంచెం ఉబ్బుతుందని, బరువు మాత్రం పెరగదని చెప్పాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కోడలు సరేనని మళ్ళీ గిన్నెల మీద పడింది.

నాలుగో ఆదివారం తూచేసరికి ఆమె కవర్లు నూట ముప్పైకి దిగాయి. ఆయనకు చర్రున కోపం వచ్చింది. ఒకపక్క తను ఇంత కష్టపడి నింపుతుంటే ఈ పిల్ల ఇంకా కోసుకుంటోందేమిటి? పట్టుదలగా మళ్ళీ రెండు వందల నలభైకి తెచ్చాడు. ఐదో వారం నూట పది. ఆయన మళ్ళీ రెండు వందల నలభై. ఇంతలో కోడలు లిఫ్టు మానేసి మూడంతస్తులూ మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆదివారం టీతో అందరూ తినే బిస్కట్లు ముట్టడం లేదు. ముఖం పీక్కుపోయింది, మాట తగ్గింది. ఇదంతా అర్ధాకలి వల్లేనని, తను ఆ మాత్రం ఆదుకోకపోతే ఏమైపోయేదోనని ఆయన మనసులో అనుకున్నాడు. ఆరో ఆదివారమూ రెండు వందల నలభైకే తెచ్చి, వచ్చే వారం మూడు వందల దాకా పోదామా అని కూడా ఆలోచించాడు.

ఆ ఆలోచన తెగకముందే, బుధవారం మధ్యాహ్నం మూడింటికి కోడలు ఇంటికి వచ్చేసింది. ఆ వేళకు ఆమె ఎప్పుడూ రాదు. భుజాన సంచీ తీయకుండానే వంటింట్లో స్టూలు మీద కూర్చుంది. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. ఆయన ఏమీ అడగకుండా, తనకు వచ్చినంతలో టీ కాచి, రెండు చెంచాల చక్కెర వేసి ఆమె ముందు పెట్టాడు.

“నేను చక్కెర మానేసి ఐదు నెలలైంది మామయ్యగారూ,” అంది.

అప్పుడు చెప్పింది. ఐదు నెలల కిందట వర్క్‌షాపులో అందరికీ పరీక్షలు చేశారు. ఆమెకు షుగరు తేలింది. డాక్టరమ్మ మధ్యాహ్నం తిండి కొలిచి ఇచ్చింది: ఉడికిన పాస్తా నూట అరవై గ్రాములు, పక్కన కూరగాయలు, అంతే. కోడలు ఒక చిన్న కాటా కొని దారపు రీళ్ళ డబ్బాలో దాచుకుంది. అందరి కవర్లూ నింపేసి, వంటింట్లో ఎవరూ లేనప్పుడు తనవి తూచుకునేది. ఇంట్లో చెప్పలేదు. మొగుడి సంగతి తెలిసిందే. రోజంతా పేషెంట్లను మోసి ఇంటికొచ్చే మనిషికి ఇంట్లో కూడా ఒక పేషెంటు దొరికితే ఇక నిద్రపోనివ్వడు. పిల్లకా పోటీలు దగ్గరపడ్డాయి. మందులతో, తిండితో అంకె దారికి వస్తుందని, వచ్చాక నింపాదిగా చెబుదామని ఊరుకుంది. రెండు నెలలకి వచ్చింది కూడా. తర్వాత ఏమైందో తెలియదు, ఉన్నట్టుండి పైకి పాకడం మొదలైంది. ఆమె తిండి తగ్గించింది. అంకె తగ్గలేదు. ఇంకా తగ్గించింది. ఇవాళ మధ్యాహ్నం కవరు తినేసి, రెండు గంటలాగి, పరీక్ష చేయించుకుంటే మొట్టమొదటి రోజు కంటే ఎక్కువ వచ్చింది.

“ఏం తింటున్నావో నిజం చెప్పమంది డాక్టరమ్మ. నూట పది గ్రాములన్నాను. నా ముఖం వంక చూసి నవ్వింది.” కాగితం విప్పి ఆయన వైపు జరిపింది. “ఇదిగో, రాసింది చూడండి. తిండి విషయంలో పేషెంటు మాట నమ్మదగ్గది కాదట. వచ్చే వారం నుంచి ఇంజెక్షన్లట. ఇంజెక్షన్లకు నాకేం భయం లేదు. నేను అబద్ధం చెప్పలేదు మామయ్యగారూ.”

అరగ్రాము గారు కాగితం చదివాడు. రెండోసారి చదివాడు. టీ కప్పు ఆమె ముందు నుంచి తీసి సింకులో పారబోసి, కప్పు కడిగి బోర్లించాడు. తర్వాత గదిలోకి వెళ్ళి కాటా, ఇత్తడి గుండు, ఎర్ర అట్ట నోటుబుక్కు తెచ్చి ఆమె ముందు బల్ల మీద వరసగా పెట్టాడు.

“నువ్వు చెప్పింది నిజమేనమ్మా. అబద్ధం నేను ఆడాను, చేత్తో.”

కోడలు నోటుబుక్కు తెరిచింది. తారీఖు, ఎవరి కవరు, దొరికిన బరువు, సరిచేసిన బరువు, సంతకం. ఆరు వారాలు. ఒక్కో పేజీ మీద వేలు పెట్టి కిందిదాకా చదివింది.  ఆయన స్కూలు పిల్లాడిలా నిలబడే ఉన్నాడు.

“ఎందుకు చేశారిలా?”

“నీ కవరు తక్కువ తూగింది.”

“నన్నడగొచ్చుగా.”

“తనిఖీకి వెళ్ళేముందు చెప్పి వెళ్ళకూడదు,” అన్నాడు ఆయన. అలవాటుగా నోట్లోంచి వచ్చేసిన మాట. అది ఇక్కడ చెల్లదని అంటుండగానే ఆయనకు తెలిసింది. మిగతాది ఇంకా చిన్న గొంతుతో చెప్పాడు. అందరికీ పెట్టి నువ్వు పస్తులుంటున్నావనుకున్నాను. కోడలు ఆకలితో ఉంటే చూస్తూ ఊరుకున్న మామనవుతానేమోననుకున్నాను.

కోడలు అరవలేదు, ఏడవలేదు. లేచి, అప్పటికే శుభ్రంగా ఉన్న స్టవ్ తుడవడం మొదలుపెట్టింది. చాలాసేపు తుడిచింది. రేపు పదింటికి డాక్టరమ్మ దగ్గరకు తనతో రావాలని, ఆ పుస్తకం తేవాలని, ఈలోపు ఫ్రీజరు తలుపు మీద చెయ్యి వేయొద్దని గోడ వైపు తిరిగే చెప్పింది. ఆయన సరేనన్నాడు. ఆ పూట తన కవరు తీసుకోవడానికి కూడా ఫ్రీజరు తెరవలేదు. రెండు బ్రెడ్డు ముక్కలు తిని పడుకున్నాడు.

మర్నాడు బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. నాలుగు స్టాపులు దాటాక కోడలు, కోపం ఇంకా పోలేదని చెప్పింది. తెలుసునన్నాడు.

డాక్టరమ్మకు ముప్పై ఏళ్ళుంటాయి. నోటుబుక్కు తీసుకుని మొదట నవ్వబోయింది. రెండో పేజీకి నవ్వు ఆగింది. తన ఫైలు పక్కన పెట్టుకుని తారీఖులు సరిపోల్చింది. అంకె పెరగడం మొదలైన వారమూ, మొదటి సంతకమూ సరిగ్గా ఒక్కచోట కలిశాయి. నూట అరవై తిన్నానని ఆమె చెప్పినప్పుడు కడుపులోకి వెళ్ళింది రెండు వందల నలభై. నూట పది అన్నప్పుడూ రెండు వందల నలభై. ఇంజెక్షన్ల మాట ఇప్పుడే అక్కర్లేదని, మునుపటి లెక్క ప్రకారం నాలుగు వారాలు తిని రమ్మని, నూట పదికి దిగడం కూడా తప్పేనని డాక్టరమ్మ చెప్పింది. అరగ్రాము గారి వైపు తిరిగి, ఇంత పద్ధతిగా తిండి లెక్క రాసిన ఇల్లు తన ప్రాక్టీసులో చూడలేదంది. అది మెచ్చుకోలో, దెప్పో ఆయనకు అంతుపట్టలేదు.

లేవబోతున్న కోడలిని ఆయన చేత్తో ఆపి, డాక్టరమ్మతో అన్నాడు.

“ఫైల్లో ఒక వాక్యం ఉందమ్మా, నమ్మదగ్గది కాదని. దాన్ని కొట్టేసి, పక్కన చిన్న సంతకం పెట్టి తారీఖు వేయాలి. సంతకం లేకుండా కొట్టేస్తే చెల్లదు.”

డాక్టరమ్మ ఆయన్ని చూసింది, కోడలిని చూసింది. ఒక గీత గీసి, సంతకం పెట్టి, తారీఖు వేసింది. కోడలు తల వంచుకుని సంచీ జిప్పు పెట్టుకుంది. అది పడటానికి కాస్త ఎక్కువసేపు పట్టింది.

ఆ రోజు సాయంత్రమే కోడలు మొగుడికీ కూతురికీ సంగతి మొత్తం చెప్పింది. మొగుడు అనుకున్నంతా చేశాడు. బీపీ మిషను తెచ్చి మూడుసార్లు చూశాడు, పాదాలు చూశాడు, ఐదు నెలలు తన దగ్గర దాచినందుకు అలిగాడు, అలకలోనే ఇంకోసారి బీపీ చూశాడు. ఆరు వారాలుగా తన తిండి తగ్గిందని విని మాత్రం ఆశ్చర్యపోయాడు. మనవరాలు ఆశ్చర్యపోలేదు. అమ్మ ఖర్చు తగ్గిస్తోందేమో, అడిగితే బాధపడుతుందేమోనని రోజూ ఈతకొలను దగ్గర బన్ను కొనుక్కుని తింటున్నానంది. ఆ ఇంట్లో ఒకళ్ళ మనసు నొప్పించకూడదని ఇంకొకళ్ళు చేసిన పనులన్నీ ఆ పూట బల్ల మీదికి వచ్చాయి. అన్నీ కలిపి చూస్తే ఎవరికీ మేలు జరిగినట్టు కనపడలేదు.

అరగ్రాము గారు పెట్టె సర్దుకుంటానన్నాడు. భార్య తిరిగి రావడానికి ఇంకా రెండు వారాలుంది. ఈలోపు హోటల్లో తింటానన్నాడు. స్టవ్ వెలిగించాక ఏం చేయాలో తెలియని మనిషి ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదని కోడలు తేల్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె మామూలుగానే పాస్తా వార్చి, నూనె పట్టించి, ట్రేల మీద పరిచింది. ఆయన మామూలుగానే బాల్కనీలోకి వెళ్ళి కూర్చున్నాడు. రెండు గంటల తర్వాత లోపలి నుంచి పిలిచింది. కవరు మూతి తెరిచి పట్టుకునే మనిషి ఉంటే పని తొందరగా అవుతుందట. ఆయన చేతులు కడుక్కుని వచ్చి పట్టుకున్నాడు. ఆమె మిగతావాళ్ళవి గుప్పిళ్ళతోనే నింపింది. ఆయన చూశాడు, ఏమీ అనలేదు.

సగం కవర్లు అయ్యాక కోడలు, తల ఎత్తకుండానే, ఐదు నెలల కిందటి రోజు సంగతి ఎత్తింది. షుగరు తేలిందన్న కాగితం చేతికిచ్చిన రోజు తను బస్సెక్కి దిగాల్సిన చోట దిగలేదు. ఎందుకు దిగలేదో తెలియదు. డిపో దాకా వెళ్ళిపోయింది. డ్రైవరు వచ్చి లేపితే దిగి, ఆరేడు కిలోమీటర్లు నడుచుకుంటూ ఇంటికొచ్చి, ఆలస్యమైందేమని పిల్ల అడిగితే వర్క్‌షాపులో ఆర్డరు ఎక్కువుందని చెప్పింది. తల్లి కూడా ఈ జబ్బుతోనే పోయింది. చివర్లో తల్లికి చూపు పోయింది. నడుస్తున్నంతసేపూ తన కళ్ళ ఎదురుగా ఆ నలభై పొరల గుడ్డ, దాని మీద గీత, అది కనపడకపోతే ఏం చేయాలన్న ఆలోచనా తప్ప ఇంకేమీ లేవట.

ఈ మాటలు ఇంతవరకూ ఎవరితోనూ అనలేదంది.

ఆమె దిగాల్సిన స్టాపు నుంచి డిపో ఆరేడు కిలోమీటర్లు కాదు. నాలుగుకు మించి ఉండదు. ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ ఆయన ఆ దారిన నడిచే మనిషే. కవరు మూతి రెండు చేతులతో పట్టుకుని, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా విన్నాడు. మధ్యలో ఒక్క మాటా సరిదిద్దలేదు.